కడలికంటె పల్లాన కాపురం



చాలా దినాలుగా ఇక్కడ ఏమీ వ్రాయలేదు. కారణం సోమరితనం కాదు, ప్రయాణం. మా అమ్మాయి, అల్లుడు నెదర్లాండ్స్ దేశంలో ఉంటారు. నేనూ మా ఆవిడా రెండు పర్యాయాలు వెళ్ళివచ్చాము. మొదటిసారి 2023 నవంబరులో, పురుడు పోయడానికి. రెండవసారి 2025 ఏప్రిల్‌లో, మనవణ్ణి ఆడించడానికి. మనబోంట్లకిచ్చే వీసా 180 దినాలలో 90 దినాలకు మించి అక్కడ ఉండనివ్వదు కనుక, ఒక చలికాలమూ ఒక వసంతమూ మాత్రమే నా కంటికి దక్కాయి. పిల్లల దగ్గరకు ఏ నెలలో వెళితే మేలు, ఏమి తొడుక్కోవాలి అని ఇద్దరు ముగ్గురు మిత్రులు అడిగారు. అది వ్రాద్దామనే కూర్చున్నాను. నడుమ వేరొక సంగతి వస్తుంది. రానివ్వక తప్పదు.

విమానాశ్రయం పేరు స్కిపోల్. కారెక్కిన తరువాత అల్లుడు, "మావయ్యగారూ, మీరిప్పుడు దిగినది చెరువు అడుగున" అన్నాడు. హాస్యమాడుతున్నాడనుకున్నాను. కాదు. ఆ రన్‌వేలు సముద్రమట్టానికి మూడు మీటర్లకు పైగా దిగువన ఉన్నాయి. 1852 దాకా అక్కడ హార్లెమ్మర్మేర్ అనే మహాసరస్సు ఉండేది. గాలి వీచినప్పుడల్లా గట్లు కొరుక్కుతింటూ పెరిగిపోయే ఆ నీటికి అక్కడివారు పెట్టిన పేరు 'నీటి తోడేలు'. 1836 నవంబరు, డిసెంబరు తుపానులలో ఆ తోడేలు ఒకసారి ఆమ్‌స్టర్‌డామ్ గుమ్మం దాకా, మరొకసారి లైడెన్ పట్టణం దాకా వచ్చింది. ఇక ఊరుకోరాదని, సరస్సు చుట్టూ దాదాపు 60 కిలోమీటర్ల కాలువ తవ్వి, గట్టు వేసి, మూడు ఆవిరియంత్రాలతో మూడేళ్ళపాటు నీరు తోడి కాలువలో పోశారు. అడుగున తేలిన నేల దాదాపు 18,000 హెక్టార్లు. మా అమ్మాయి ఉండే హూఫ్డోర్ప్ ఆ నేలమీది ఊరే.

దేశం పేరుకే 'పల్లపు నేల' అని అర్థం. నాలుగోవంతుకు పైగా భూమి సముద్రానికి దిగువన ఉన్నది. అన్నిటికంటె పల్లమైన చోటు 6.76 మీటర్లు కిందికి. ఐరోపాలో ఉన్న ఆ దేశభాగంలో అన్నిటికంటె ఎత్తయిన కొండ, ఆగ్నేయపు కొసన జర్మనీ, బెల్జియం సరిహద్దులు కలిసేచోట, 322 మీటర్లు. దానిని కొండ అని వారంటారు, మనం నోరు మూసుకుని వినాలి. రైన్, మ్యూజ్, షెల్ట్ అనే మూడు నదులు మోసుకువచ్చిన ఒండ్రు, తీరాన ఇసుకదిబ్బలు, వాటి వెనుక తేమనేల - ఇదే ఆ దేశం. డెల్టాలో పుట్టిన నాకు ఇందులో వింత ఏమీ కనిపించకూడదు. కాని పల్లమెలా వచ్చిందో తెలిసినప్పుడు మాత్రం ఆశ్చర్యపోయాను. ఆ తేమనేలలో ఎక్కువభాగం కుళ్ళిన మొక్కలు వేల ఏళ్ళుగా పేరుకుని ఏర్పడ్డ మెత్తని మన్ను. పంటకోసం నీరు తీసివేస్తే అది ఎండి, గాలి తగిలి, కరిగి కుంగుతుంది. కుంగిన కొద్దీ మరింత నీరు తోడాలి. తోడిన కొద్దీ మరింత కుంగుతుంది. పైగా ఆ మన్నునే తవ్వి, ఎండబెట్టి, శతాబ్దాలపాటు పొయ్యిలో పెట్టుకున్నారు. గుంటలు చెరువులయ్యాయి. సగం పల్లం ప్రకృతి ఇచ్చినది, సగం వారు చేతులారా తవ్వుకున్నది.

మా అమ్మాయి ఇంటికి రెండు వీధుల అవతల ఆ పాత కాలువగట్టు. వెళ్ళిన మరునాడే చూపించింది. గట్టు కింద రోడ్డు, రోడ్డుమీద మేము. తలెత్తి చూస్తే గట్టుపైన ఒక సరుకుల పడవ మెల్లగా పోతున్నది. నీరు మన తలకంటె పైన. మా ఆవిడ "ఏమండీ, పడవ ఆకాశంలో పోతున్నదేమిటి?" అన్నది. అమ్మాయి నవ్వింది. నేను నవ్వలేదు. ఆ రాత్రి భోజనాల దగ్గర అల్లుడు, "ఇక్కడే ఇల్లు కొందామనుకుంటున్నాం మావయ్యగారూ, మీరేమంటారు?" అని అడిగాడు. అలిసిపోయానని చెప్పి లేచాను.

ఇక చలికాలం. విజయవాడ పదహారున్నర డిగ్రీల అక్షాంశం మీద ఉంటే ఆమ్‌స్టర్‌డామ్ 52 మీద ఉన్నది. అదే అక్షాంశాన అట్లాంటిక్‌కు అవతలి ఒడ్డున, కెనడాలో, నెలల తరబడి మంచు గడ్డకడుతుంది. ఇక్కడ అంత లేదు. ఉష్ణదేశాలనుండి వచ్చే వెచ్చని సముద్రప్రవాహమూ, దానిమీదుగా వీచే నైరుతి, పశ్చిమ గాలులూ కాపాడుతున్నాయి. జనవరి సగటు మూడున్నర డిగ్రీలు, జూలై సగటు పద్దెనిమిది. అంకెలు చూసి భయపడవలసినది ఏమీ లేదు. భయపెట్టేది చలి కాదు, గాలి. గాలికంటె ఎక్కువగా చీకటి. డిసెంబరు చివర సూర్యుడు ఉదయం పావుతక్కువ తొమ్మిదికి లేచి సాయంత్రం నాలుగున్నరకు కనుమరుగవుతాడు. ఆ నడిమి ఎనిమిది గంటలలోనూ ఎక్కువభాగం మబ్బే. మూడవ వారానికి మా ఆవిడకు ఏమీ తోచక కళ్ళనీళ్ళు పెట్టుకున్నది. వయసు మళ్ళినవారు తొలి ప్రయాణం నవంబరు నుండి జనవరి దాకా పెట్టుకోవద్దని నా సలహా. పురుడు మన ముహూర్తం చూడదు కనుక మాకు తప్పలేదు.

వాన గురించి ఒక మాట. ఏడాదికి అక్కడ కురిసేది దాదాపు 850 మిల్లీమీటర్లు. కృష్ణాజిల్లాలో కురిసేది అంతకంటె ఎక్కువ. మనకు ఆ వాన నాలుగైదు నెలలలో ధారలుగా పడిపోతుంది. వారికి పన్నెండు నెలలూ పంచిపెట్టినట్టు పడుతుంది. ఏప్రిల్‌లో కాస్త తక్కువ, వేసవి చివర, శరత్తులో కాస్త ఎక్కువ. మన భాషలో చినుకు, తుప్పర, జల్లు, జడివాన, కుంభవృష్టి అని ఎన్ని మాటలున్నా అక్కడి వానకు అతికేది ఒక్కటే: ముసురు. గొడుగు తీసుకుపోవద్దు. రెండు కొన్నాను, రెండూ గాలికి వెనక్కి విరిగాయి. తలమీదికి వచ్చే టోపీ ఉన్న వానకోటు, అడుగున జారని బూట్లు, లోపల ఒంటిని అంటిపెట్టుకునే పలుచని ఉన్ని బనీను, దానిమీద స్వెట్టరు, ఇవి చాలు. బండంత కోటు ఒకటి కొంటే రైలులోనూ దుకాణంలోనూ వెచ్చదనానికి ఉడికిపోతారు. పొరలు పొరలుగా తొడుక్కుంటే విప్పుకోవచ్చు. ఇంకొకటి: అక్కడివారందరి ఫోనులోనూ వానమబ్బు ఎటు కదులుతున్నదో చూపించే యాప్ ఉంటుంది. రాబోయే రెండు గంటలు చెప్పేస్తుంది. "పదిన్నరకు ఆగుతుంది నాన్నా, అప్పుడు వెళదాం" అనేది అమ్మాయి. పదిన్నరకు ఆగేది! పంచాంగం చూసి బయలుదేరే అలవాటున్న నేను ఆ యాప్ చూసి బయలుదేరడం నేర్చుకున్నాను.

డిసెంబరు 21, గురువారం. మనవడు పుట్టి తొమ్మిదవ దినం. పొద్దుటినుండి గాలి లేచింది. ఐరోపావారు ఈమధ్య తుపానులకు పేర్లు పెడుతున్నారు. దాని పేరు పీయా. సాయంత్రానికి గాలి వాయవ్యానికి తిరిగింది. అల్లుడు ఫోనులో వార్త చదివి వినిపించాడు. రాటర్‌డామ్ నౌకామార్గం ముఖద్వారాన మాస్లాంట్ అనే అడ్డుకట్ట ఉన్నది. 1997లో కట్టారు. ఒక్కొక్కటి 210 మీటర్ల పొడవున్న రెండు రెక్కలు, మామూలు దినాలలో ఒడ్డున ముడుచుకుని ఉంటాయి. నీరు మూడు మీటర్లు దాటుతుందని కంప్యూటరు లెక్క తేలితే, మనిషి చేయి పడకుండానే అవి నదిలోకి వచ్చి మూసుకుంటాయి. ఆ రాత్రి నిజమైన ఉప్పెనకు అలా తమంతట తాము మూసుకోవడం అదే మొదటిసారి. దేశంలోని పెద్ద అడ్డుకట్టలన్నీ ఒకేసారి మూతపడడం కూడా అదే ప్రథమం. "ఎంత గొప్ప సంగతి చూశారా మావయ్యగారూ" అన్నాడు అల్లుడు. క్రికెట్టు స్కోరు చెప్పినట్టు చెప్పాడు. మా అమ్మాయి ఊరికి ఆ రెక్కలతో నేరుగా పనిలేదనీ, అక్కడ సముద్రాన్ని ఆపేవి పశ్చిమాన ఉన్న ఇసుకదిబ్బలనీ వివరించాడు. పది గంటలకు అందరూ నిద్రపోయారు.

నేను పోలేదు. చంటివాడి ఊయెల పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కిటికీ అద్దం గాలికి మూలుగుతున్నది. ఆ మూలుగు నాకు తెలుసు.

మాది దివిసీమ. 1977 నవంబరు 19, శనివారం. నాకు పదహారేళ్ళు. గాలి పగలంతా కొట్టింది. సాయంత్రం నీరు వచ్చింది. నీరంటే కాలువ పొంగినట్టు కాదు, గోడ నడిచి వచ్చినట్టు. నాన్నా నేనూ బడి డాబా ఎక్కాము. అమ్మ చెల్లెలి చేయి పట్టుకుని వెనకనే వస్తున్నది. అమ్మ తాటిచెట్టుకు చిక్కుకుని తెల్లవారేసరికి ప్రాణంతో దొరికింది. చెల్లెలు దొరకలేదు. దానికి ఏడేళ్ళు. ప్రభుత్వం లెక్క ఆ ఉప్పెనలో పోయినవారు దాదాపు పదివేలు. దాని పేరే మా అమ్మాయికి పెట్టుకున్నాను. మేనత్త ఉప్పెనలో పోయిందని అమ్మాయికి తెలుసు. అంతకంటె అది అడగలేదు, నేను చెప్పలేదు.

అందుకని ఆ దేశంలో నేను భూగోళం చదువుతుంటే అది భూగోళంలాగ నాకు కనిపించలేదు. బంగాళాఖాతం ఉత్తరానికి పోయినకొద్దీ ఇరుకై, లోతు తగ్గుతుంది; గాలి తరిమిన నీరు పోవడానికి చోటు లేక పైకి లేస్తుంది. ఉత్తరసముద్రం అంతే, కాకపోతే దిశ తలకిందులు. దక్షిణానికి పోయినకొద్దీ గరాటు మూతిలాగ సన్నబడి, లోతు తగ్గుతుంది. వాయవ్యపు గాలి నీటిని ఆ మూతిలోకి కూరుతుంది. 1953 జనవరి 31 రాత్రి అదే జరిగింది. పున్నమి దాటిన మరునాడు, పోటుమీద తుపాను. నైరుతిమూలన జేలాండ్ ద్వీపాలలోనూ చుట్టుపక్కల ప్రాంతాలలోనూ గట్లు తెగి 1,836 మంది పోయారు. అదీ శనివారం రాత్రే. అప్పటిలో రేడియో రాత్రివేళ మూతపడేది. హెచ్చరిక చెప్పేవాడు లేక, వినేవాడూ లేక, జనం నిద్రలోనే ఉన్నారు. మా ఊళ్ళోనూ ఎవరూ చెప్పలేదు. ఎత్తు ఎంత, పల్లమెంత అన్న లెక్కకంటె, చెప్పేవాడున్నాడా లేడా అన్నదే నాకు ముఖ్యంగా తోచింది. మన తీరాన కూడా 1977 తరువాతనే తుపాను ఆశ్రయభవనాలు, రాడార్లు, ముందుగా ఊళ్ళు ఖాళీ చేయించడం పెరిగాయి.

తెల్లవారుజామున అమ్మాయి పాలివ్వడానికి లేచి నన్ను చూసింది. "నాన్నా, రాత్రంతా ఇక్కడే ఉన్నారా?" అన్నది. గాలి తగ్గింది, పడుకుంటానన్నాను. ఇల్లు కొనే సంగతి ఆ పర్యాయం మరి ఎవరూ ఎత్తలేదు.

రెండవ ప్రయాణం చెప్పడానికి సుఖంగా ఉంటుంది. ఏప్రిల్ రెండవ వారంలో దిగాము. ఇది అసలైన సమయం. ఏప్రిల్ నడుమనుండి మే మొదటి వారం దాకా లిస్సె ఊరి చుట్టుపక్కల తులిప్ పొలాలు రంగు చీరలు ఆరవేసినట్టు ఉంటాయి. అక్కడి ఇసుకనేలే అందుకు కారణం, నీరు నిలవదు, దుంప కుళ్ళదు. అయితే రైతుకు కావలసినది పువ్వు కాదు. ఒకనాడు చూస్తుండగానే యంత్రం ఒకటి వచ్చి నిండుగా విరిసిన తలలన్నీ కోసి కిందపడవేసుకుంటూ పోయింది. బలమంతా దుంపకు పోవాలట. కావ్యాలలో పూలు కోసే ఘట్టాలు ఎన్ని పాఠం చెప్పానో, ఇటువంటి పుష్పాపచయం మాత్రం ఏ ప్రబంధకవీ వర్ణించలేదు.

వసంతం కదా అని మోసపోవద్దు. మా ఆవిడ అంగడిలో మిరపనారు కొని ఏప్రిల్ చివర పెరటిలో నాటింది. పక్కింటి ముసలమ్మ గోడమీదుగా చూసి వద్దని చేయి ఊపింది. మే నడుమ 'మంచు మునులు' అని కొందరు పాత క్రైస్తవ సాధువుల దినాలు వస్తాయి, 11వ తేదీ నుండి నాలుగైదు దినాలు. అవి దాటేదాకా లేతమొక్క బయట పెట్టరాదని వారి వాడుక. మన కార్తెల వంటిదే. మా ఆవిడ వినలేదు. ఒక రాత్రి మంచు పడింది. మిరపనారు ఉడికించిన తోటకూరలాగ వాలిపోయింది. రైతు ఎక్కడైనా రైతే, కార్తె ఎక్కడైనా కార్తే అని ఆ తరువాత ఒప్పుకున్నది.

జూన్‌లో మరొక చిక్కు. సూర్యుడు రాత్రి పది గంటలకు గాని అస్తమించడు. సాయంసంధ్య ఎప్పుడు వార్చుకోవాలి? నిద్రవేళకా? నేను గడియారానికి ఒక నమస్కారం పెట్టి, సూర్యుడినే నమ్ముకుని పది గంటలకే వార్చుకున్నాను. ఎండ కూడా ఇదివరకటిది కాదట. 2019 జూలై 25న దక్షిణాన ఒకచోట 40.7 డిగ్రీలు నమోదైంది; చరిత్రలో నలభై దాటడం అదే మొదలు. ఇళ్ళకు పంకాలైనా ఉండవు. చలికాలం సంగతి చూస్తే, గడ్డకట్టిన కాలువలమీద పదకొండు పట్టణాలు చుడుతూ దాదాపు 200 కిలోమీటర్లు జారుకుంటూ పోయే పందెం ఒకటి ఉన్నది. 1997 జనవరి తరువాత మంచు చాలక మళ్ళీ జరగలేదు. వారి సముద్రమూ పెరుగుతున్నదే. ఇసుకదిబ్బలు కరగకుండా ఓడలతో ఇసుక తెచ్చి తీరాన పోస్తుంటారు.

ఇంతటి దేశాన్ని ఎవరు చూసుకుంటారు అని అడిగాను. నీటి కట్టుబాట్లకు ప్రత్యేకంగా పంచాయతీలవంటి మండళ్ళున్నాయి, మొత్తం 21. వాటి మూలాలు 13వ శతాబ్దానివి. వాటికి వేరే పన్ను, వేరే ఎన్నికలు. 2023 మార్చిలో జరిగిన ఎన్నికలలో మన దేశపు పౌరురాలైన మా అమ్మాయి కూడా ఓటు వేసింది. నీరు వస్తే పాస్‌పోర్టు చూడదు గదా.

జూన్ మొదటివారంలో, అమ్మాయిని అడిగి, జేలాండ్ వెళ్ళాము. ఔవర్‌కెర్క్ అనే పల్లెలో 1953 ఉప్పెన సంగ్రహాలయం ఉన్నది. చివరి గండి పూడ్చడానికి నాలుగు పెద్ద కాంక్రీటు పెట్టెలు ముంచారు, ఆ ఏడు నవంబరులో. ఆ పెట్టెల లోపలనే సంగ్రహాలయం. గోడలు చెమ్మ, వెలుగు తక్కువ. ఒక గదిలో ఇసుక పరచి ఉన్నది. ఆ ఇసుకమీద వెలుగుతో పేర్లు పడుతుంటాయి, పోయినవారి పేర్లు, ఒకటి తరువాత ఒకటి. ఆ గది పేరు '1835+1'. ఆ ఒకటి ఏమిటని అమ్మాయిని అడిగాను. చదివి చెప్పింది. ఆ రాత్రే పుట్టి, ఆ రాత్రే పోయిన పసికందు. పేరు పెట్టే వ్యవధి లేదు, ఏ దస్తరంలోనూ ఎక్కలేదు. అయినా లెక్కలో వదలలేదు.

మా చెల్లెలి పేరు నాకు తెలిసి ఏ రాతిమీదా లేదు. అక్కడ, ఆ చీకటి గదిలో, మనవణ్ణి భుజాన వేసుకుని నిలుచున్న మా అమ్మాయికి మొత్తం చెప్పాను. గోడలాగ వచ్చిన నీరు, బడి డాబా, అమ్మ చేయి. అది మాట్లాడలేదు. బయటికి వచ్చాక గట్టుమీద గాలిలో చాలాసేపు నడిచాము.

తిరిగివచ్చిన శనివారం వారు చూసుకున్న ఇంటికి నన్ను తీసుకువెళ్ళారు. అక్కడి ఇళ్ళన్నిటిలాగే సన్నగా, పొడుగ్గా, రెండు అంతస్తులు, పైన వాలుకప్పు కింద అటక. వంటగది, దొడ్డి, కుళాయిలు అన్నీ చూపించారు. నేను మెట్లెక్కి నేరుగా అటకమీదికి పోయాను. సంగ్రహాలయంలో విన్నాను, 1953లో అటకలమీదికెక్కి, పెంకులు పగలగొట్టుకుని, కప్పులమీద కూర్చున్నవారే చాలామంది బ్రతికారట. వాలుకప్పులో ఒక అద్దాల కిటికీ ఉన్నది.

"ఇది తెరుచుకుంటుందా? మనిషి పడతాడా?" అని అడిగాను.

అల్లుడు నవ్వుతాడేమోననుకున్నాను. అమ్మాయి చెప్పి ఉంటుంది. కిందికి దిగి, కారులోనుండి టేపు తెచ్చి, కుర్చీ ఎక్కి కిటికీ తెరిచి, అడ్డమూ నిలువూ కొలిచాడు. తరువాత తన భుజాలు కొలవమని టేపు నా చేతికిచ్చాడు. కొలిచాను. జానెడు వెసులుబాటు ఉన్నది.

"సరే, కొనండి" అన్నాను.

మళ్ళీ ప్రయాణం వచ్చే ఏప్రిల్‌లో. మిరపనారు మాత్రం మే 15 దాటాకే.